వాల్వు దీపమునుండి అంకెల పెట్టెవరకు

ఆదికాండము 4వ అధ్యాయములో లెమెకు సంతానమును గూర్చి చదువునప్పుడు ఒక విశేషమును గమనింపక దాటిపోవుట మనకు అలవాటు. తంతివాద్యములు వాయించువారికి మూలపురుషుడైన యూబాలు, ఇత్తడి ఇనుప పనిముట్లు చేసిన తూబల్కయీను ఒకే తండ్రి బిడ్డలు. పాటగాడును కమ్మరియు ఒక్క ఇంటివారే. వాద్యము చేయువాని చేతిపని మారినప్పుడెల్ల వాయించువాని పాట కూడ మారుచునే వచ్చినది.

ఈ శతవార్షికోత్సవ సంచికలో పెద్దలనేకులు దేవాలయముల చరిత్ర, మిషనరీల త్యాగములు, పాఠశాలల, ఆసుపత్రుల సేవ మొదలగు విషయములు వ్రాయుచుండగా, ఒక పాస్టరు యాంప్లిఫయరును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గత నూరేండ్లలో మన ఆరాధన వినబడు తీరును ఈ పెట్టె మార్చినంతగా మరి యే వస్తువును మార్చలేదు. నేడు గిటారు వాయించు యౌవనస్థులున్న సంఘములలో ఒక వాదము నడుచుచున్నది. వాల్వులతో పనిచేయు పాతకాలపు యాంప్లిఫయరు నాదమే నిజమైన నాదమని కొందరు, దానిని అంకెలతో అనుకరించు డిజిటల్ మోడలింగ్ యంత్రమే చాలునని కొందరు. వెనుక బెంచీలలోని పెద్దలు మాత్రము, ఏది తెచ్చినను మా గూబలు పగులకుండిన చాలును అనుచున్నారు. ఈ మూడు పక్షములవారికిని చరిత్రలో జవాబు కలదని నా నమ్మకము.

కరెంటు లేని కాలము

1836లో ఇంగ్లండునుండి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు పిదప నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో సువార్త సేవ చేసిరి. 1840లలో రాజమండ్రిలో లూథరన్ మిషనరీల పని, 1874లో కాకినాడలో కెనడా బాప్తిస్టుల పని ఆరంభమయ్యెను. వీరు తెచ్చిన ఇంగ్లీషు రాగములు ఒక ప్రక్కను, పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలగు భక్తులు కర్ణాటక రాగతాళములలో రచించిన కీర్తనలు మరియొక ప్రక్కను మన సంఘములకు సొత్తాయెను. మన కీర్తనల పుస్తకములో కీర్తనకు పైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి యుండుట మీరెరిగినదే. ఆ రెండు మాటలు చూచి కీర్తన ఎత్తుకొనగల పెద్దలు అనేక పల్లెలలో నుండిరి.

ఆ దినములలో ధ్వనిని పెంచు సాధనములు రెండే: మనుష్యుని గొంతు, దేవాలయపు కప్పు. ఎత్తయిన కప్పు, మందపాటి సున్నపు గోడలు స్వరమును పట్టి తిరిగి సంఘముమీద కురిపించెడివి. తాళములు, కంజిర, డోలక్కు తోడుండెడివి. పాడినది సంఘమే, వినినది సంఘమే. పాడువారికిని వినువారికిని మధ్య వేదికయు లేదు, తీగయు లేదు.

తరువాత హార్మోనియము వచ్చెను. అది 19వ శతాబ్దములో ఫ్రాన్సులో రూపొంది, మిషనరీలతోను దొరలతోను మన దేశమునకు చేరినది. కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ 1875 ప్రాంతమున దానిని నేలమీద కూర్చుండి ఒక చేత తిత్తి ఆడించుచు, మరియొక చేత వాయించుటకు వీలుగా మార్చెను. నేడు మనము దానిని సంప్రదాయ వాద్యమని గౌరవించుచున్నాము. కాని ఆలిండియా రేడియోవారు 1940లో హార్మోనియమును నిషేధించి, 1971వరకు దానికి తలుపు తెరువలేదు. దాని స్వరస్థానములు కదలవు, గమకము పలుకదు, అది విదేశీ పెట్టె అని ఆరోపణ. ఒక తరమువారు నిందించిన క్రొత్త వస్తువును మరియొక తరమువారు పూర్వుల సొత్తని కాపాడుదురు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనినచో డిజిటల్ పెట్టెమీది కోపము కొంత చల్లారును.

ఇద్దరు పాస్టర్ల కుమారులు

వాల్వు చరిత్ర మన సంచికలో చేరుటకు ఇంకొక కారణము కూడ కలదు. దానిని కనిపెట్టిన ఇద్దరును పాస్టర్ల కుమారులు. మొదటివాడు ఇంగ్లండు దేశస్థుడైన జాన్ ఆంబ్రోజ్ ఫ్లెమింగ్. ఆయన తండ్రి కాంగ్రిగేషనల్ సంఘపు పాస్టరు. లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడుగా నున్న ఫ్లెమింగ్ 1904లో గాలి తీసివేసిన గాజుబుడ్డిలో రెండు లోహభాగములను అమర్చి, విద్యుత్తు ఒక దిక్కుననే ప్రవహించునట్లు చేసెను. తలుపు ఒక ప్రక్కకే తెరుచుకొనినట్లుండుటచేత దానికి వాల్వు, అనగా కవాటము, అని పేరు వచ్చెను. అమెరికావారు దానినే ట్యూబు అందురు.

రెండవవాడు అమెరికా దేశస్థుడైన లీ డి ఫారెస్టు. ఈయన తండ్రియు కాంగ్రిగేషనల్ పాస్టరే. దాస్యమునుండి విడుదలైన నీగ్రోజాతివారి బిడ్డలకొరకు అలబామా రాష్ట్రములో స్థాపింపబడిన తల్లడీగా కాలేజీకి ఆయన అధ్యక్షుడు. కుమారుడు కూడ సేవకుడు కావలెనని తండ్రి కోరిక. కుమారుని మనస్సు మాత్రము యంత్రములమీదికి పోయెను. 1906లో ఆయన ఆ రెండు లోహభాగముల మధ్య మూడవదిగా ఒక సన్నని తీగ జల్లెడను అమర్చెను. చిన్న ధ్వనిని పెద్దదిగా చేయు శక్తి ఈ మూడవదానిలో నున్నదని లోకము 1912 ప్రాంతమునగాని బాగుగా గ్రహింపలేదు. నేడు లోకమంతట వినబడు ప్రసంగములకు, పాటలకు, ఎన్నికల ఉపన్యాసములకు కూడ మూలము ఆ తీగ జల్లెడయే.

ధవళేశ్వరపు ఉపమానము

ఈ వాల్వు ఎట్లు పనిచేయునో తెలిసికొనుటకు మన గోదావరి కాలువలే చాలును. కాటన్ దొరగారు 1847లో మొదలిడి 1852 నాటికి ముగించిన ధవళేశ్వరము ఆనకట్టవలన నది నీరు కాలువలలోనికి మళ్ళెను. కాలువ తలవద్ద లస్కరు చక్రము త్రిప్పి తూము తలుపును జానెడెత్తినచో మహాప్రవాహము పొలములమీదికి పరుగెత్తును. తలుపు దించినచో ఆగిపోవును. లస్కరు నీటిని త్రోయుట లేదు. ఆయన కదల్చునది తలుపు మాత్రమే. నీటి బలము నదిది, నడిపింపు లస్కరుది.

వాల్వులోను ఇంతే. కాగి ఎఱ్ఱబారిన లోహమునుండి ఎలక్ట్రానులు బయలువెడలి ఎదుటి పలకవైపు ప్రవహించును. ఆ పలకమీద మూడు నాలుగు వందల వోల్టుల ఒత్తిడి యుండును. గిటారు తీగ కదలికవలన పుట్టిన అతి స్వల్పమైన విద్యుత్తు నడుమనున్న జల్లెడను తాకి, తలుపువలె తెరచుచు మూయుచు ఆ ప్రవాహమును నడిపించును. వాద్యకారుని వ్రేలు లస్కరు వంటిది.

అయితే నీరు అధికమైనప్పుడేమగును? ఏటవాలుగానున్న మట్టిగట్టును ఒరుసుకొని పారు వరద మెల్లగా పైకెక్కును. నిలువు గోడకు తగిలిన వరద ఒక్కసారిగా విరుగును. వాల్వు మొదటి దానివంటిది. శక్తికి మించి వాయించినప్పుడు దాని స్వరము క్రమముగా ఒరుసుకొని, మూలస్వరమునకు తోడుగా కొన్ని అనుస్వరములు పుట్టించి, చెవికి నిండుగా తోచును. మెల్లగా మీటినచో శుద్ధముగాను, గట్టిగా మీటినచో గరగరలాడుచును అదే యంత్రము రెండు విధముల బదులు చెప్పును. గిటారు వాయించువారు వాల్వును ప్రేమించుటకు కారణము ఇదియే. అది చేతికి జవాబు చెప్పును.

డెల్టాకు మైకు వచ్చుట

1930లనుండి బొంబాయికి చెందిన షికాగో రేడియో కంపెనీవారి లౌడుస్పీకర్లు కాంగ్రెసు మహాసభలలో గాంధీగారి స్వరమును లక్షలమందికి వినిపించెను. ఆంధ్రదేశములో విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమయ్యెను. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో వచ్చుటతో కోస్తా జిల్లాలకు కరెంటు సదుపాయము పెరిగెను. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్సువారు 1960ల తొలి సంవత్సరములలో మన దేశములోనే వాల్వులు చేయ మొదలుపెట్టిరి. ఈ విధముగా మైకు సెట్టు పల్లెకు చేరెను. కన్వెన్షను పందిళ్లలో కొబ్బరిచెట్లకు కట్టిన హారనులనుండి వాక్యము వరిచేల మీదుగా ప్రక్క ఊరివరకు వినబడుట ఆ తరమువారికి గొప్ప సంగతి. స్విచ్చి వేసిన వెంటనే ఆ సెట్టు పలికెడిది కాదు. వాల్వులు కాగి దీపములవలె వెలుగువరకు అందరును కాచుకొనవలసినదే.

ఇంతలో మరియొక మార్పు నిశ్శబ్దముగా జరిగెను. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. అదే సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్, షాక్లీ అను ముగ్గురు ట్రాన్సిస్టరును కనిపెట్టిరి. గాజుబుడ్డి లేదు, వేడి లేదు, కాచుకొనుట లేదు. కొలదికాలములో రేడియోలోను మైకు సెట్టులోను వాల్వు స్థానమును ట్రాన్సిస్టరు ఆక్రమించెను. వాల్వు నిలిచిన చోట్లలో ముఖ్యమైనది గిటారు యాంప్లిఫయరు.

గిటారు, మాండొలిను

ఎలక్ట్రిక్ గిటారు 1930లలో అమెరికాలో పుట్టినది. అది లోకసంబంధమైన వాద్యము, ఆలయమునకు తగదు అనువారు మన సంఘములలో నున్నారు. వారు సిస్టర్ రొసెట్టా థార్ప్ (1915-1973) పేరు వినవలెను. ఈ నల్లజాతి స్త్రీ చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అను పెంతెకొస్తు సంఘములో పెరిగి, ఎలక్ట్రిక్ గిటారు వాయించుచు సువార్త పాటలు పాడెను. తరువాత వచ్చిన రాక్ సంగీతకారులనేకులు ఆమెను చూచి నేర్చుకొనినవారే. ఆలయములోని వస్తువును లోకము తీసికొనిపోయినదా, లోకములోని వస్తువును ఆలయము తెచ్చుకొనినదా అని వాదించుటకుముందు ఈ చరిత్ర తెలిసికొనుట మంచిది.

యాంప్లిఫయర్లలో అమెరికాలో లియో ఫెండరు చేసినవి ప్రసిద్ధికెక్కెను. లండనులో డ్రమ్ముల దుకాణము నడుపుచుండిన జిమ్ మార్షల్ 1962లో ఫెండరువారి బాస్‌మన్ అను యంత్రమును చూచి, ఇంగ్లండులో దొరకు సామానుతో దాని వంటిది చేయించెను. సామాను మారుటతో నాదము కొంత మారెను. ఆ మార్పే మార్షల్ పేరును లోకమంతట చాటెను. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. నేడు మూలమని గౌరవింపబడు మార్షల్ యంత్రమే ఒక ప్రతి.

ఇక మన డెల్టా సంగతి. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ అను బాలుడు తండ్రి ఇంట నున్న మాండొలినును చేతబట్టెను. తండ్రి సత్యనారాయణగారు బ్యాండులో క్లారినెట్టు విద్వాంసుడు. సాధారణ మాండొలినులో తీగ మీటిన వెంటనే స్వరము ఆరిపోవును. కర్ణాటక సంగీతమునకు ప్రాణమైన గమకము పలుకవలెనన్న స్వరము నిలువవలెను. శ్రీనివాస్ జంట తీగల మాండొలినును విడిచి, ఐదు ఒంటి తీగలుగల ఎలక్ట్రిక్ మాండొలినును చేపట్టెను. విద్యుత్తు స్వరమును నిలిపినది. వ్రేలు గమకమును పలికించినది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములలో మొదటి కచేరి, 1983లో బెర్లిను జాజ్ ఉత్సవము, 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45 ఏండ్ల ప్రాయమున ఆయన కన్నుమూసెను.

ఆయన మన సంఘస్థుడు కాడు. అయినను ఆయన విద్యాభ్యాసములో మనకొక పాఠమున్నది. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిను వాయించెడివారు కారు. ఆయన గాత్రముతో పాడగా శిష్యుడు విని, ఆ పాటను తీగలమీద పలికించెడివాడు. అనగా వాద్యము గొంతును వెంబడించెను. విదేశపు వాద్యము, విద్యుత్తు సహాయము, మన రాగము: ఈ మూటిని కలిపినది వినికిడి.

అంకెల యుగము

డిజిటల్ మోడలింగ్ అనగా నేమో ఇప్పుడు చూతము. గిటారునుండి వచ్చు విద్యుత్తును ఈ యంత్రము సెకనుకు 48,000 సార్లవంతున కొలిచి, ఒక్కొక్క కొలతను ఒక అంకెగా మార్చును. వాల్వు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు, దాని ముందుంచిన మైకు, వీటిలో ఒక్కొక్కటి ఆ స్వరమును ఏ విధముగా మార్చునో లెక్కల రూపములో ముందుగానే వ్రాసియుండును. అంకెలు ఆ లెక్కల గుండా పోయి తిరిగి ధ్వనిగా బయటికి వచ్చును. దీనికి పట్టు ఆలస్యము సెకనులో కొన్ని వెయ్యవ వంతులు. ధ్వని గాలిలో ఒక మీటరు దూరము పోవుటకు మూడు వెయ్యవ వంతులు పట్టును గనుక, ఆ ఆలస్యము స్పీకరుకు ఒకటి రెండు మీటర్లు ఎడముగా నిలిచినదానికంటె అధికము కాదు.

అమెరికాలో లైన్ 6 కంపెనీవారు 1996లో ఆక్సిస్ 212 అను మోడలింగ్ యాంప్లిఫయరును, 1998లో పాడ్ అను చిన్న ఎఱ్ఱని పెట్టెను తెచ్చిరి. 2006లో ఫ్రాక్టల్ ఆడియోవారి యాక్స్-ఎఫెక్స్, 2011లో జర్మనీనుండి కెంపర్ ప్రొఫైలర్ వచ్చెను. కెంపర్ పద్ధతి వేరు. అది నిజమైన యాంప్లిఫయరులోనికి కొన్ని ధ్వనులను పంపి, బయటికి ఏమి వచ్చినదో విని, ఆ నడవడిని నేర్చుకొనును. ఇటీవల ఫిన్లండుకు చెందిన న్యూరల్ డీఎస్పీవంటి సంస్థలు కృత్రిమ మేధ సహాయమున ఇదే పనిని మరింత సూక్ష్మముగా చేయుచున్నవి. 2019లో ఫెండరువారే తమ ప్రసిద్ధమైన ట్విన్ రివర్బ్ వాల్వు సెట్టుకు టోన్ మాస్టర్ అను డిజిటల్ ప్రతిని తయారుచేసిరి. వాల్వు సెట్టు బరువు సుమారు 29 కిలోలు, దాని డిజిటల్ ప్రతి 15 కిలోలు.

తారతమ్యము

ఈ రెంటిలో నేది మేలు? న్యాయముగా తూచినయెడల ఇరుప్రక్కల బరువున్నది.

వాల్వు పక్షమున చెప్పవలసినది మొదట చెప్పెదను. చేతి ఒత్తిడికి అది బదులిచ్చు తీరు సహజము. అనుకరణ యంత్రములన్నియు దానినే గురిగా పెట్టుకొని నడుచుచున్నవి. దానిని విప్పి, చెడిన భాగమును మార్చి, మరల నిలుపవచ్చును. అరువది ఏండ్లనాటి సెట్టులు నేటికిని పలుకుచున్నవి. డిజిటల్ పెట్టెలో ఒక చిప్పు చెడినచో, ఆ నమూనా తయారీ ఆగిపోయినచో, మన ఊరి మెకానిక్కు చేయగలిగినది స్వల్పము.

ఇక రెండవ ప్రక్క. రేడియోలకు, యాంప్లిఫయర్లకు కావలసిన వాల్వుల తయారీ మన దేశములో నిలిచిపోయి చాలకాలమైనది. ఇప్పుడవి ముఖ్యముగా రష్యా, స్లొవేకియా, చైనా దేశములనుండి రావలెను. 2022లో రష్యా ఎగుమతులమీద ఆంక్షల వార్త రాగానే లోకమంతట గిటారు వాద్యకారులు వాల్వులు దొరకవేమోయని కలతచెందిరి. మన పల్లెలలో వోల్టేజి హెచ్చుతగ్గులు, సముద్రతీరపు ఉప్పుగాలి, వర్షకాలపు తేమ కూడ ఆ పాత సెట్టులకు మేలు చేయునవి కావు. మరియొక హెచ్చరిక: వాల్వు సెట్టును ఆపి, ప్లగ్గు తీసిన పిదప కూడ లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన వోల్టేజి నిలిచియుండవచ్చును. పని తెలియని పిల్లలు దానిని విప్పరాదు.

ప్రతి యన్న మాత్రమున నీచముగా చూడవద్దని కూడ నా మనవి. నాలుగు సువార్తలలో దేనికిని రచయిత స్వహస్తముతో వ్రాసిన మూలప్రతి నేడు లేదు. మనకున్నవి ప్రతుల ప్రతులు, వాటినుండి వచ్చిన అనువాదములు. అయినను వాక్యము సజీవమైయున్నది. శ్రద్ధగల లేఖకుడు వ్రాసిన ప్రతి మూలమునకు సాక్షి. అజాగ్రత్తగా వ్రాసినది కాదు. డిజిటల్ యంత్రమును కూడ ఆ విధముగానే పరీక్షించి తీసికొనవలెను, పేరును చూచి కాదు, ధరను చూచి కాదు.

అయితే మన ఆలయముల విషయములో తీర్పు చెప్పవలసిన అసలు సంగతి ఇంకొకటి. వాల్వు సెట్టులోని ఆ మధురమైన గరగర దాని శక్తి అంచువరకు వాయించినప్పుడే పుట్టును. అనగా అది తన శ్రేష్ఠమైన నాదమును పెద్దగా మ్రోగినప్పుడే ఇచ్చును. చిన్న సెట్టు కొనిన సరిపోవును గదా అందురేమో. చెవికి సగము ధ్వనిగా తోచవలెనన్న శక్తిని పదవ వంతుకు తగ్గింపవలెను. నూరు వాట్ల సెట్టుకు బదులు పది వాట్ల సెట్టు తెచ్చినను వినికిడికి సగమే తగ్గును. డిజిటల్ యంత్రమైతే అదే నాదమును గుసగుసవలె కూడ పలుకగలదు. దాని నిజమైన వరము బిగ్గరగా మ్రోగుట కాదు, మెల్లగా పలుకుట.

లోకసంబంధమైన ఉదాహరణ ఒకటి చెప్పెదను. వారి పాటలను మెచ్చుకొనుటకు కాదు. మెటాలికా అను అమెరికా వాద్యబృందము కర్ణకఠోరమైన సంగీతమునకు పేరుపొందినది. 2013 డిసెంబరులో వారు అంటార్కిటికా ఖండములో అర్జెంటీనావారి కార్లీని స్థావరమువద్ద కచేరి చేసిరి. అచ్చటి ప్రకృతికి భంగము కలుగకుండ స్పీకర్లు లేకుండ వాయించిరి. శ్రోతలందరును చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని వినిరి. మంచు ఖండములోని ప్రాణులకు వారు చూపిన మర్యాద మన వీధిలోని రోగికి, పరీక్షలకు చదువుకొను బిడ్డకు మనము చూపలేమా?

పొరుగువారి చెవి, మన చెవి

ఈ ప్రశ్న న్యాయస్థానమువరకు పోయినది. చెన్నైలో ఒక ఫుల్ గాస్పెల్ సంఘపు ప్రార్థనా మందిరములో డ్రమ్ములు, గిటారు, లౌడుస్పీకర్లు వాడుచుండగా, ఇరుగుపొరుగు నివాసుల సంఘమువారు ఫిర్యాదు చేసిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టుకు చేరెను. 2000 ఆగస్టు 30న న్యాయమూర్తులు ప్రార్థనా మందిరపువారి అప్పీలును త్రోసివేసిరి. ఇతరుల శాంతికి భంగము కలిగించుచు యాంప్లిఫయర్లతోను డ్రమ్ములతోను ప్రార్థింపవలెనని ఏ మతమును బోధింపదని వారి అభిప్రాయము. ఆ సంవత్సరమే వచ్చిన ధ్వని కాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరువరకు బయట లౌడుస్పీకర్లు పనికిరావు. కొన్ని పండుగ దినములలో మాత్రము ప్రభుత్వము అర్ధరాత్రివరకు సడలింపు ఇయ్యవచ్చును, అదియు సంవత్సరమునకు 15 దినములకు మించకుండ.

క్రైస్తవ మందిరమొకటి ఈ విషయములో దేశపు ఉన్నత న్యాయస్థానములో ఓడుట మనకు సిగ్గుగా నుండవలెను. పొరుగువానిని ప్రేమింపవలెనని చెప్పు మనము ఆ పాఠమును కోర్టులో నేర్చుకొనవలసి వచ్చినది.

మన చెవుల సంగతి కూడ అంతే. పనివారి ఆరోగ్యముకొరకు అమెరికా సంస్థవారు చెప్పిన లెక్క ప్రకారము 85 డెసిబెల్ల ధ్వనిని ఎనిమిది గంటలవరకు భరింపవచ్చును. మూడు డెసిబెల్లు పెరిగిన ప్రతిసారియు ఆ సమయము సగమగును. 100 డెసిబెల్లకు మిగులునది పదునైదు నిమిషములు. స్తుతి ఆరాధన పదునైదు నిమిషములలో ముగియుట లేదు గదా!

వీటన్నిటికంటె పెద్ద నష్టము వేరొకటి. స్పీకరు మ్రోత గొంతును మించినప్పుడు పాడువానికి తన స్వరము తనకు వినబడదు. తన స్వరము వినబడనివాడు కొంతసేపటికి పాడుట మానును. రాగము, తాళము తెలిసిన పెద్దలు నోరు మూసికొందురు. పిల్లలు ప్రక్కవారినుండి నేర్చుకొనుట ఆగిపోవును. ముందున్న నలుగురు పాడుదురు, మిగిలినవారు చూతురు. నూరేండ్లక్రింద వేదికయు తీగయు లేక సంఘమంతయు పాడిన పాట ఇట్లు ప్రదర్శనగా మారును. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో వాద్యములను ఉదాహరణగా తీసికొని చెప్పిన నియమమొక్కటే: వినువానికి తెలియవలెను, సంఘము కట్టబడవలెను. ఏ యంత్రము కొనవలెనను ప్రశ్నకు కూడ ఇదియే కొలత.

నా మనవులు

కావున సంఘ కమిటీలకును, యౌవనస్థులకును కొన్ని మనవులు చేయుచున్నాను.

1. క్రొత్తగా గిటారుకొరకు కొనదలచిన సంఘములు డిజిటల్ యంత్రమును కొనుట మేలు. దాని ధ్వనిని నేరుగా మిక్సరుకు కలిపి, వాయించువానికి ఒక చిన్న స్పీకరు గాని హెడ్‌ఫోను గాని ఇయ్యవలెను.

2. పాత వాల్వు సెట్టులున్నచోట వాటిని పాతసామానువానికి అమ్మివేయవద్దు. పని తెలిసిన మెకానిక్కుచేత శుభ్రము చేయించి భద్రపరచవలెను. అవి కూడ ఈ నూరేండ్ల చరిత్రలో భాగమే. మూలము లేనిదే ప్రతిని పరీక్షించుట ఎట్లు?

3. ధ్వని ఎంత యుండవలెనో వేదికమీదివారు కాక, చివరి బెంచీలో కూర్చున్న ఒక పెద్దమనిషియు ఒక తల్లియు చెప్పవలెను. తమ ప్రక్కవారి పాట తమకు వినబడుచున్నదా అనునదే పరీక్ష.

4. ప్రతి ఆదివారము ఒక కీర్తనయైనను ఏ యంత్రమును లేకుండ, పుస్తకములో అచ్చయిన రాగములోనే సంఘమంతయు పాడవలెను. గిటారు వాయించు బిడ్డలు ఆ సమయములో వాద్యమును ప్రక్కన పెట్టి వినవలెను. పాలకొల్లు బాలుడు గురువు గొంతును విని నేర్చుకొనినట్లు, ఆ రాగమును పిమ్మట తీగలమీద పలికించుటకు ప్రయత్నింపవలెను.

ఈ నాలుగింటిలో మొదటిదానికి మాత్రమే ధనము కావలెను. మిగిలినవాటికి కావలసినది వినుటకు మనస్సు.

ప్రియ సంఘ సభ్యులారా, లస్కరు తూము తలుపు ఎంత ఎత్తవలెనో నది బలమునుబట్టి కాక పొలము అవసరమునుబట్టి నిర్ణయించును. అధికముగా ఎత్తినచో చేను మునుగును. మన చేతికి వచ్చిన ధ్వని అను ఈ ప్రవాహమును కూడ అట్టి వివేకముతో నడుపుటకు, రాబోవు నూరేండ్లలో మన సంఘముల గొంతు మూగవోకుండుటకు ప్రభువు మనకందరికిని కృప దయచేయునుగాక. ఆమేన్.